మా ఆయన ముంజెయ్యి

మా స్పాలోకి ఏ కొత్త క్రీము వచ్చినా ముందు మా ఆయన ముంజేతికి రాసి చూస్తాను. అంతకు మించిన ప్రయోగశాల నాకు తెలియదు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, అడిగినప్పుడల్లా "బాగుంది" అంటుంది. పెళ్ళయిన నాటి నుంచీ నా వంటకీ, నా బట్టలకీ, చివరికి నా కోపానికి కూడా అక్కణ్ణుంచి వచ్చిన ఫలితం అదొక్కటే.

ఈ సంగతి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకి చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అలమారాలోని సీసాలన్నీ తిప్పి తిప్పి చూసి, కొత్తగా తెప్పించిన ఆకుపచ్చ ముఖలేపనం డబ్బా దగ్గర ఆగింది.

"ఇందులో ఏమేం కలిపారో డబ్బా మీద లేదేమిటండీ?"

"అంతా మొక్కల పసరేనండీ. సహజం."

"గన్నేరూ మొక్కేనండీ."

చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. సహజం అంటే సంతోషించరు, ఏ మొక్క అని అడుగుతారు.

ఆవిడ వచ్చిన వేళ కూడా అలాంటిదే. పక్కగదిలో మా అత్తగారు తలకి గుడ్డ కట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకున్నారు. ఇన్నేళ్ళూ "మొహానికి మట్టి పూసి డబ్బులడుగుతావటే" అని ఎత్తిపొడిచిన మనిషి మొదటిసారి తన ముఖం నా చేతికి అప్పగించారు. గిన్నెలో ఆ ఆకుపచ్చ లేపనమే కలిపి సిద్ధంగా ఉంచాను. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఈ జన్మలో ఆ ముఖం మళ్ళీ నా చేతికి రాదు.

"నా మాట నమ్మకపోతే మనిషినే పిలుస్తాను," అని ముందుగదిలో కూర్చున్న మా ఆయన్ని కేకేశాను. వచ్చారు. ఎండ మండిపోతున్నా చొక్కా చేతులకి మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుని ఉన్నారు.

"రాత్రి రాసింది ఎలా ఉందండీ?"

"బాగుంది."

నేను గర్వంగా ఇన్‌స్పెక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ గిన్నె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే మీరే వెళ్ళి మీ అమ్మగారికి రాయండి."

ఆయన తలుపు దాకా వెళ్ళి, అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయారు.

"అమ్మకి వద్దులే," అన్నారు గోడవైపు చూస్తూ.

"అంటే ఊళ్ళోవాళ్ళందరికీ బాగుండేది మీ అమ్మకి మాత్రం వద్దా?" అన్నాను నేను.

ఆయన గుండీ తీసి చొక్కా చెయ్యి పైకి మడిచారు. మణికట్టు నుంచి మోచేయి దాకా ఎర్రగా కందిపోయి, పొక్కులు లేచాయి. రాత్రంతా ఆ మంట పళ్ళబిగువున భరిస్తూ నా పక్కనే పడుకున్నారు ఈ మనిషి.

"పొద్దున అడిగినప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వు నిజంగా అడుగుతున్నావనుకోలేదు."

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "దీనికన్నా మట్టే నయం కదే అమ్మాయ్."

ఇన్‌స్పెక్టరమ్మ డబ్బాకి సీలు వేసింది. "ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఇది వాడకండి. మీ ఆయన్ని అసలే వాడకండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

సాయంత్రం డాక్టరిచ్చిన మందు ఆయన చేతికి రాసి, అన్నం వడ్డించాను. అలవాటు కొద్దీ నోరు జారాను.

"కూర ఎలా ఉంది?"

"బా..." అని ఆగి, నా ముఖంలోకి చూశారు.

"నిజంగానే అడుగుతున్నానండీ."

ఆయన ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. "ఉప్పెక్కువ," అన్నారు మెల్లగా. "ఎప్పుడూ ఎక్కువే."

డబ్బాకి సీలు పడినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.