రేవు దాటిన ఎం.ఏ.

సత్యవేణి అన్నిటికన్నా భయపడేది ఒక్కదానికే. పిల్లాడికి మాటలొచ్చి, “మీ నాన్న ఏం చేస్తాడ్రా?” అని ఎవరైనా అడిగేనాటికి కూడా చెప్పడానికి ఏమీ లేకుండా పోతుందేమోనని. వాడికి పదో నెల. తాత అనడం అప్పుడే వచ్చేసింది. గడువు ఎంతో లేదు.

ఆమె మొగుడు వీరవెంకటరమణ, ఎమర్జెన్సీ పెట్టిన ఏడు, వాల్తేరులో బిజినెస్ ఎకనామిక్స్ చదివి ఎం.ఏ. పుచ్చుకున్నాడు. సఖినేటిపల్లి రేవులో పడవ నడిపే బంగారరాజు కొడుకు అంత చదివాడంటే రేవంతా పొంగిపోయింది. ఆ చదువుతో బ్యాంకులో ఆఫీసరు కావచ్చనీ, బొంబాయి కంపెనీలకి సలహాలు చెప్పచ్చనీ, ఢిల్లీలో కూచుని దేశానికే ప్రణాళికలు వెయ్యచ్చనీ అతనే చెప్పాడు. నాలుగేళ్ళుగా అరుగు మీద కూచుని అదే చెబుతున్నాడు.

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన సత్యవేణికి ఆ చదువులో ఒక్క ముక్క మాత్రం బాగా అర్థమయింది. దాని పేరు క్షీణోపాంత ప్రయోజనం. మొదటి పెసరట్టు ఇచ్చినంత తృప్తి రెండోది ఇవ్వదు, రెండోది ఇచ్చినంత మూడోది ఇవ్వదు. ఈ సూత్రం వివరిస్తూనే అతను అయిదోది వెయ్యమన్నాడు.

అయినా ఇంటర్వ్యూ కార్డులు మూడు వచ్చాయి. కార్డు వచ్చినప్పుడల్లా అత్తగారు బొట్టు పెట్టేది, మావగారు తన పడవలో నరసాపురం ఒడ్డున దింపి వచ్చేవాడు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుందని ఎవరూ నోరు మెదిపేవారు కాదు. మూడోరోజున తిరిగొచ్చి, “తర్వాత రాస్తామన్నారు” అనేవాడు. సత్యవేణి పాపం పోస్టుమేనుని తిట్టుకునేది.

హైదరాబాదునించి వచ్చిన నాలుగో కార్డు ఆఖరిది. వచ్చే నెలతో అతనికి బ్యాంకు వయసు దాటిపోతుంది. ప్రయాణం రేపనగా, నరసాపురం స్టేషను పక్కన టీకొట్టు పెట్టుకున్న కనకమ్మ, కొట్టు కప్పుకి కొబ్బరాకుల కోసం ఇవతలి ఒడ్డుకి వచ్చింది. పిల్లాణ్ణి ఎత్తుకుని, “మీ ఆయన ఎంత నెమ్మదస్తులండీ బాబూ!” అంది. “కిందటి రెండుసార్లూ రెండేసి రోజులు మా బల్ల మీదే కూచుని పుస్తకం చదూకున్నారు. రైలు కూతేస్తే మాత్రం ఆ పుస్తకం మొహానికి అడ్డం పెట్టేసుకుంటారండి.”

మర్నాడు అతను పడవలో కాలు పెట్టబోతుంటే, పిల్లాణ్ణి చంకనేసుకుని సత్యవేణి ఎదురుగా నిలబడింది.

“ఎక్కడికండీ?”

రేవంతా నోరు వెళ్ళబెట్టింది. “అమ్మాయ్! నీకేవన్నా మతుందా?” అని కేకేశాడు బంగారరాజు.

“మీరుండండి మావయ్యగారూ. చెప్పండి, హైదరాబాదుకా, కనకమ్మగారి బల్లకా?”

అతను తల వంచుకున్నాడు. చంకలో ఆకుపచ్చ ఫైలు సర్దుకుంటూ చెప్పాడు. “మొదటిసారి నిజంగానే వెళ్ళేను. ‘మీది కోనసీమేనా, వెయ్యి కొబ్బరికాయలు ఎంత పలుకుతున్నాయి?’ అని అడిగేరు. డిమాండును బట్టి ఉంటుందండీ అన్నాను. నలుగురూ విరగబడి నవ్వేరు. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కడానికి నావల్ల కాలేదు.”

“మీ నాన్నగారి పడవలో రోజూ దాటేవి ఆ కాయలేగా!” అని సత్యవేణి కూడా పడవెక్కి కూచుంది. గోదావరి దాటేలోపు పీచు తీసిన కాయ రేటు, పీచు తియ్యని కాయ రేటు, ఎండుకొబ్బరి రేటు, ఏ నెలలో ఎందుకు పడిపోతుందో, మళ్ళీ ఎందుకు లేస్తుందో ఏకరువు పెట్టింది. ఎం.ఏ.గారు “ఆయ్, ఆయ్” అంటూ ఆకుపచ్చ ఫైల్లో రాసుకున్నారు.

“ఇదే ఆ చదువని తెలిస్తే వాల్తేరుదాకా ఎందుకురా,” అన్నాడు బంగారరాజు, “నా పడవలోనే చదివించేవోణ్ణి.”

సత్యవేణి స్టేషనుదాకా నడిచి, అతన్ని రైలెక్కించి, అది కదిలేదాకా అక్కడే నిలబడింది. కానీ ఆ రైలు పాలకొల్లులో ఆగుతుంది. భీమవరంలో ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. భీమవరంలో ఎక్కేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, వెనకనించి మూడో పెట్టెలో, కిటికీ పక్కన, ఒళ్ళో ఆకుపచ్చ ఫైలు పెట్టుకున్న మనిషి ఇంకా కూచునే ఉన్నాడో లేదో కాస్త చూడండి.