కుడికాలి జోకు

అద్దె హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు బిగించిన తెల్లగుడ్డ, ఇసుక కాళ్ళతో కుర్రకారు, వాళ్ళ వెనక బట్టతలల పాత అభిమానులు. అలల మీద జారే సర్ఫింగు బోర్డులు చెక్కే ఆయన చివరి వరసలో కూర్చున్నాడు. సర్ఫింగు సినిమాలంటే ఆయనకు మొహం మొత్తి చాలా కాలమైంది. ఒక్క మాట విని పోదామని వచ్చాడు.

ఆ మాట చెప్పాల్సినవాడు బావమరిది. సినిమా వాడిదే, హీరో వాడే. పాత మూగ రీలు కాబట్టి తెర పక్కన మైకు పట్టుకుని కథ చెప్పేదీ వాడే. ఊరూరా తిరిగి చెప్పీ చెప్పీ, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెబుతాడు.

సినిమాకు ప్రాణం ఆఖరి అల. అది చిక్కిన రోజు హీరోగారు జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నారు. వాడి అక్క జుట్టు టోపీలో దోపుకుని, భర్త చెక్కిన బోర్డు చంకన పెట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఒడ్డు నుంచి తీసిన బొమ్మ, మొహం తెలియదు. వాడు తన ఖాతాలో వేసుకున్నాడు.

చిక్కల్లా కాలి దగ్గర వచ్చింది. బోర్డు మీద వాడు ఎడమకాలు ముందు పెడతాడు, ఆవిడ కుడికాలు. ఎవరో పట్టేసి అడిగితే, రీలులో ఆ ముక్క తిరగేసి అతికించారు, అందుకే ఎడమ కుడిగా కనబడుతోందన్నాడు. హాలు గొల్లుమంది. అబద్ధం కాస్తా జోకై కూర్చుంది. పాతవాళ్ళు దానికోసమే టిక్కెట్టు కొనేవారు. తమ్ముడే కదా అని ఆవిడా నవ్వేది. మంచాన పడ్డాక ఒకరోజు మాత్రం, "ఆ అల నాదేనా అని నాకే అనుమానం వస్తోంది" అంది.

ఆవిడ పోయాక ఇదే మొదటి ఆట. పొద్దున ఆయన బోర్డులు చెక్కే షెడ్డుకొచ్చి, ఈసారి నిజం చెప్పేస్తానని బావమరిది తనంతట తానే మాటిచ్చాడు.

ఆఖరి అల లేచింది. ఈలలు, కేకలు. తెరమీద ఆవిడ మోకాళ్ళు వంచి, నీటిగోడను చేత్తో తడుముతూ పోతోంది. బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"ఈ అల మీద ఉన్నది..." అని ఆగాడు.

"కుడికాలేంటి గురూ?" వెనకనుంచి ఎవరో అందుకున్నారు. హాలంతా అదే పాట ఎత్తుకుంది.

వాడు ఒకసారి తెరవైపు చూశాడు. తరవాత జనంవైపు చూశాడు.

"ఆ ముక్క తిరగేసి అతికించారు బాబూ, నన్ను తిట్టకండి."

ఎప్పటిలాగే హాలు గొల్లుమంది.

ఆట అయ్యాక గుమ్మం దగ్గర బావమరిది ఆయన్ని పట్టుకున్నాడు.

"జనం అడిగేసరికి నోరు జారింది బావా. రేపటి ఆటలో చెప్తా, ఒట్టు."

"జారడానికి ఏముందిరా. నీ నోటికి వచ్చిందే అది."

"అక్క ఏమీ అనుకోదు బావా."

"పోయినవాళ్ళేమనుకుంటారు. అనుకునేది నేను."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఓదార్చలేదు. కోప్పడే ఓపికా లేదు. ఇకమీదట బోర్డు విరిగితే ఇంకో షెడ్డు చూసుకోమన్నాడు.

అంతలో పాత అభిమాని ఒకాయన వచ్చి పోస్టరు చాపాడు. బొమ్మ ఆ ఆఖరి అలదే. బావమరిది కళ్ళు తుడుచుకుని, పెన్ను అడిగి తీసుకుని, సంతకం పెట్టాడు.