పిన్ని కుడిచేయి

స్నానాలగదిలో జారిపడి పిన్ని కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన రోజు డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ వంచి చూసి, "చక్కగా అతుక్కుంది, ఇక భయం లేదు" అన్నాడు. పిన్ని నమ్మలేదు. "నా మనసు నొప్పించడం ఎందుకని అన్నాడులే" అంది బయటికి రాగానే.

నమ్మకపోవడానికి కారణం ఉంది. పిన్ని తన కారులో మా చుట్టుపక్కల పిల్లల్ని బడికి చేర్చి, సాయంత్రం తీసుకొస్తుంది. మా ఇద్దరి తిండీ బట్టా, నా చదువూ దానిమీదే. కట్టు విప్పి మళ్లీ బండి ఎక్కినప్పటి నుంచి స్టీరింగ్ తిప్పడం ఆమెకు ప్రాణసంకటమైంది. మలుపు వస్తే చాలు, పళ్లు బిగించి భుజంతో సహా లాగేది. పిల్లల సంచులు ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లోంచి నేను చూస్తూ ఉండేదాన్ని. ఆ కారు ఆమె తప్ప ఎవరూ నడపరు. నాకు రాదు. కాబట్టి తప్పంతా చేతిమీదే పడింది.

గురువారం బేకరీ మలుపు దగ్గర కారు పూర్తిగా తిరగలేదు. ముందు చక్రం కాలిబాట మీదికెక్కి ధడాలున దిగింది. వెనకున్న పిల్లలు ఆటనుకుని, "మళ్లీ ఆంటీ, మళ్లీ!" అని కేకలు. పిన్ని నవ్వలేదు. వాళ్లను బడి దగ్గర దించాక ఇంజిన్ ఆపి, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని పరాయివాళ్ల వస్తువును చూసినట్టు చూసింది.

"వాళ్లమ్మలు నన్ను నమ్మి పంపుతున్నారే. ఈ చేత్తో ఇక వద్దు."

ఆ సాయంత్రమే వెనక వీధి డ్రైవరమ్మతో మాట్లాడేసింది. సోమవారం నుంచి పిల్లలూ కారూ ఆవిడ చేతికి. ఇచ్చేముందు బ్రేకులు చూపించాలని శనివారం మెకానిక్ షెడ్డుకు వెళ్లాం. మెకానిక్ ఏ పనీ తొందరపడి చేయడు గనక అందరూ ఆయన్ని తొందరయ్య అంటారు.

"ఏంటక్కా, బిడ్డను దత్తతిస్తున్నట్టు మొహం పెట్టావు?" అన్నాడు.

"ఇస్తున్నా. చేయి పనికిరావట్లేదు తమ్ముడూ. బ్రేకులొకసారి చూడు."

"స్టీరింగ్ కూడా చూడమను పిన్నీ" అన్నాను.

"మా మూగదేవతకు నోరొచ్చింది! స్టీరింగ్‌కేం రోగమే?"

"చేతి నొప్పయితే తిప్పినంతసేపూ ఉండాలి కదా. నువ్వు తిప్పుతుంటే ఒకచోట బిగుస్తుంది, కాస్త తిరగ్గానే వదులవుతుంది, మళ్లీ బిగుస్తుంది. ప్రతిసారీ అదే చోట. పైగా మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావాలి. ఇదివరకు వచ్చేది. ఇప్పుడు నువ్వే లాక్కొస్తున్నావు."

తొందరయ్య చేతులు తుడుచుకుని కారులో కూర్చున్నాడు. ఇంజిన్ వేసి ఒక చేత్తో తిప్పబోయాడు. ఆగి రెండో చేయీ వేశాడు. "అక్కా, దీన్ని తిప్పాలంటే నాకే తాతలు దిగొస్తున్నారు!"

"ఊరుకో. డాక్టరూ ఇలాగే ఓదార్చాడు."

ఆయన కారు దిగాడు. టైర్లలో గాలి చూశాడు. స్టీరింగ్ ఆయిల్, బెల్టు చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. జాకీలు పెట్టి ముందు చక్రాలు గాల్లోకి లేపాడు. నేలమీద బరువు లేకపోయినా స్టీరింగ్ అలాగే మొరాయించింది. అప్పుడు ఇంజిన్ ఆపి, స్టీరింగ్ ఇష్టమొచ్చినట్టు తిరగకుండా గుడ్డతో సీటుకు కట్టాడు. డ్రైవరు కాళ్ల దగ్గర తలదూర్చి, స్టీరింగ్ కడ్డీని కిందిభాగంతో కలిపే జాయింట్ బోల్టులు విప్పాడు. విప్పేముందు సుద్దతో గుర్తు పెట్టడం మరిచిపోలేదు.

"ఇప్పుడు ఆ చక్రం పట్టుకుని తిప్పక్కా."

పిన్ని వంగి ముందు చక్రాన్ని పక్కకు నెట్టింది. గాల్లో ఉన్న ఆ చక్రం తేలిగ్గా తిరిగింది.

"కింద బాగానే ఉంది. ఇక ఇది వంచు" అంటూ జాయింట్ ఆమె చేతిలో పెట్టాడు. అటూ ఇటూ సులువుగా మడతపడాల్సిన ఇనుప ముక్క తుప్పుతో ఎర్రబడి ఉంది. పిన్ని బలమంతా పెట్టినా కదల్లేదు. తొందరయ్య పట్టినా కదల్లేదు.

"ఇంత తుప్పెలా పట్టింది? కాళ్లకింద కార్పెట్ పిండితే నీళ్లు కారుతున్నాయి!"

పిన్ని నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

"లోపల కడుగుతాను. పిల్లల బూట్ల మట్టి కదా" అంది. "చేతికి కట్టున్నప్పుడు కూడా ఇది బకెట్ మోస్తే నేను ఎడంచేత్తో పోశాను. బండి కదలకపోయినా శుభ్రం ఉండొద్దూ?"

"అక్కా, అది కారా, నాపరాళ్ల వరండానా? కదలకుండా నిలబెట్టి రోజూ నీళ్లు పోస్తే తుప్పు పట్టక మొలకెత్తుతుందా!"

పిన్ని నవ్వబోయి ఏడ్చేసింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయితే నా చేయి కాదా?" అంది. తొందరయ్య కంగారుపడ్డాడు. ఆయన తొందరపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

నూనె వేసి కదిలిస్తే కొన్నాళ్లు తిరుగుతుందిగానీ, పిల్లలెక్కే బండికి అలా కుదరదని కొత్త జాయింట్ తెప్పించాడు. గుర్తుకు గుర్తు కలిపి బిగించి, బ్రేకులూ చూసి, రోడ్డు మీద తిప్పి చూసుకుని, కార్పెట్ ఊడదీసి ఎండలో వేసి, అప్పుడు తాళం ఇచ్చాడు.

"నీ చేయి చల్లగుండ తమ్ముడూ!"

"నాదేముందక్కా. జబ్బున్న చోటు పట్టింది మీ పిల్ల."

పిన్ని కారు నడుపుతూనే ఉంది, బేకరీ మలుపు దాటింది, మా ఇల్లు వచ్చింది. ఆపలేదు.

"పిన్నీ, ఇల్లు."

"చూశాన్లే. ఇంకొక్క చుట్టు."

ఆ చుట్టు అయ్యాక వెనక వీధిలో డ్రైవరమ్మ గుమ్మం ముందు ఆపింది. దిగబోతూ ఆగి, కుడిచేయి చాచి నా తలమీద పెట్టింది. ఆ చేయి బరువుగా, వెచ్చగా ఉంది. కాసేపు తీయలేదు.

దిగి ఆ చేత్తోనే తలుపు తట్టింది. "వదినా, సోమవారం నువ్వు రానక్కర్లేదు" అని గుమ్మంలోంచే కేక వేసింది. "పిల్లల్ని నేనే తీసుకెళ్తాను."