చుక్క పడితేనే లేపు

అక్క కారు కింద ఉంది. బయటికి కనిపిస్తున్నవి రెండు పాదాలు, వాటికి అరిగిపోయిన రబ్బరు చెప్పులు, మడమ పగుళ్లలో ఎన్నేళ్లనాటిదో నల్లటి నూనె. ఇంజిన్ ముందున్న పుల్లీ చక్రం ఊడి రావడం లేదు. ఆమె దాన్ని తిడుతోంది. తిట్టుకీ తిట్టుకీ మధ్య ఆమె ఊపిరి, చిల్లుపడ్డ గొట్టంలోంచి గాలి పోతున్నట్టు ఈలవేస్తూ, షెడ్డు ఆ చివరిదాకా వినపడుతోంది.

"అక్కా, బయటికి రా. నేను లాగుతా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు రెండుసార్లు లాగావుగా. చాల్లే."

అదీ నిజమే. ఇంజిన్ ముందు నుంచి నూనె కారుతోందని దర్జీ తన పాతకారు తీసుకొస్తే తమ్ముడు పుల్లీ మెడ చుట్టూ నూనెని ఆపే ఆయిల్ సీలు మార్చాడు. వారం తిరక్కుండా మళ్లీ కారింది. మళ్లీ మార్చాడు. మళ్లీ కారింది. ఇంజిన్ పనైపోయింది, పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమని నిన్న తేల్చి చెప్పేశాడు. కుట్టిన బట్టల మూటలు వెనకసీట్లో వేసుకుని కొట్టుకొట్టుకీ తిరగడానికి దర్జీకున్నది ఆ కారొక్కటే. అక్కే కలగజేసుకుంది. "రేపు పొద్దున్నే తీసుకురా. నేను చూస్తా."

ఆ షెడ్డుకి వచ్చేవాళ్లందరికీ ఆమె అక్కే. ఆమెకంటే పెద్దవాళ్లకి కూడా. తండ్రి షెడ్డు పెట్టిన కొత్తలో, పుల్లలా ఉండే పిల్ల గనక, జాకీ ఎత్తకుండానే కారు కిందికి దూరిపోయేది. పెళ్లీడు వచ్చాక, గోళ్ల కింద నలుపు పోయేదాకా ఇంట్లో కూర్చోమంది తల్లి. నలుపూ పోలేదు, ఆమె ఇంట్లో కూర్చోనూ లేదు. తమ్ముడి చేతికి మొదటి స్పానర్ ఇచ్చిందీ, దాన్ని తలకిందులుగా పట్టుకుంటే నెత్తిన మొట్టిందీ ఆమే.

ఇప్పుడా తమ్ముడు కుర్చీ కొన్నాడు. మెత్తా, చక్రాలూ ఉన్న కుర్చీ. అక్క ఇంక కిందికి దూరకుండా, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ అందులో కూర్చోవాలని అతని ఆశ. గుండె గురించి డాక్టరు ఏం చెప్పాడో అతనికి తెలుసు. ఆమెకీ తెలుసు. పొద్దున్న వచ్చీరాగానే, కవరు కూడా తియ్యని ఆ కుర్చీ మీద ఆమె గ్రీజు స్పానర్లన్నీ పరిచేసింది.

"అది కూర్చోడానికక్కా!"

"స్పానర్లు కూర్చున్నాయిగా."

దర్జీ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

చివరికి పుల్లీ ఊడింది. అక్క దాన్ని గుండెకి ఆనించుకుని బయటికి దేకి, నేలమీదే కూర్చుంది. ముఖం చెమటతో జిడ్డుగా, బూడిదరంగులో ఉంది. ఎడమ భుజం రుద్దుకుంది. తమ్ముడు ఏదో అనబోతే కళ్లతోనే నోరు మూయించి, పుల్లీ మెడని గుడ్డతో తుడిచి, దాని మీద బొటనవేలి గోరు పెట్టి లాగింది. ఒకచోట గోరు టక్కున ఆగింది.

"ఇటు రా. నువ్వూ గోరు పెట్టి చూడు."

తమ్ముడు చూశాడు. కంటికి ఆనని గాడి. ఇన్నేళ్లూ సీలు రబ్బరు అంచు ఒకే చోట రాసుకుని రాసుకుని ఇనుముని కోసేసింది.

"కొత్త సీలు తెచ్చి రెండుసార్లూ ఈ గాడిలోనే కూర్చోబెట్టావు. అంచు ఇనుముకి గట్టిగా ఆనితేగా నూనె ఆగేది?"

"అంటే పుల్లీ పోయినట్టేగా. ఈ బండికి పుల్లీలు ఎక్కడ దొరుకుతాయి? అందుకే పారెయ్యమన్నా."

ఆమె దర్జీ వైపు తిరిగింది. "ఏమయ్యా, చొక్కా కాలర్ అరిగితే ఏం చేస్తావు?"

"తిప్పి కుడతానక్కా."

"చొక్కా పారెయ్యమని చెప్పవూ?"

"అలా చెబితే ఇంక నా దగ్గరికి ఎవరొస్తారు?"

"ఆ ముక్క వీడికి చెప్పు."

కొత్త సీలు లోపలి అంచుకి వేలితో నూనె రాసి, ఇనపగొట్టం ముక్కా చిన్న సుత్తీ తీసుకుని ఆమె మళ్లీ కిందికి దూరింది. గొట్టాన్ని సీలుకి ఆనించి ఒక దెబ్బ. గొట్టాన్ని కాస్త తిప్పి ఇంకో దెబ్బ. సీలు సమానంగా దిగుతోందని మోత చెబుతోంది. పూర్తిగా అడుగు తగిలితే ఆ మోత మారుతుంది, ఖంగుమంటుంది. తమ్ముడు ఆ ఖంగు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు. అది రాకముందే సుత్తి ఆగిపోయింది.

"ఇంకా దిగాలక్కా."

"దింపను."

"అడుగు తగల్లేదు కదా!"

"తగిలితే ఆ గాడిలోకే పోతుంది. ఇక్కడే ఉంటే అంచు అరగని ఇనుము మీద నడుస్తుంది. ఎక్కడ ఆగాలో నాకు నువ్వు చెప్పకు."

అన్నీ బిగించి ఆమె బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కుర్చీ వచ్చిన అట్టపెట్టె గోడవారన పడుంది. ఆమె దాని ఒక పక్కని చింపింది. ఒకవైపు కుర్చీ బొమ్మ, రెండోవైపు ఖాళీ. దర్జీ కారుని ఇంజిన్ బాగా కాగేదాకా వీధులన్నీ తిప్పి తెచ్చి ఆపాక, ఖాళీవైపు పైకి వచ్చేట్టు ఆ అట్టని ఇంజిన్ కిందికి తోసింది.

"వినరా. సాయంత్రం షట్టరు వేసేలోపు దీని మీద ఒక్క చుక్క పడిందా, రేపట్నుంచి నీ కుర్చీలోనే కూర్చుంటా. పడలేదో, ఆ కుర్చీ తీసుకెళ్లి నీ ఇంట్లో వేసుకో. నా చెయ్యి ఆడినన్నాళ్లూ నన్ను కారు కిందినుంచి లేపే మాట ఎత్తకు."

"సరే," అన్నాడు తమ్ముడు. దర్జీ కోసం చుక్క పడకూడదనీ, అక్క కోసం ఒక్కటైనా పడాలనీ అతనికి ఒకేసారి అనిపించింది.

వచ్చినవాళ్లు కూర్చోడానికని గోడపక్కన ఏదో కారు వెనకసీటు వేసి ఉంది. అక్క దాని మీద వాలి, చెయ్యి తలకింద పెట్టుకుంది.

"చుక్క పడితేనే నన్ను లేపు. ఊరికే లేపావంటే చూడు."

ఆమె ఈల ఊపిరి కాసేపు వినపడింది. తర్వాత తమ్ముడు ఇంకో బండి టైర్లు విప్పడంలో పడిపోయాడు. పని మధ్యలో వెళ్లి వంగి చూశాడు. అట్ట పొడిగా ఉంది. దర్జీ కూడా మోకాళ్ల మీద వంగాడు. "ఏమీ లేదు," అని గుసగుసగా అన్నాడు, సంతోషం దాచుకోలేక. "అక్కకి చెబుదామా?"

"వద్దు. పడితేనే లేపమంది. చాన్నాళ్లకి ఈల లేకుండా పడుకుంది, పడుకోనీ."

ఎండ షట్టరు దాటి బయటికి జరిగిపోయింది. తమ్ముడు కుర్చీ మీది స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి, గోడ మీద వాటి మేకులకి తగిలించాడు. అన్నిటికంటే కింద, ఆమె చెయ్యి అందే చోట, ఆమె స్పానర్. కుర్చీని గుమ్మం దగ్గరికి దొర్లించాడు, ఇంటికి తీసుకెళ్లడానికి. ఓడిపోయాను, నీ ఇష్టమొచ్చినట్టు చచ్చేదాకా కార్ల కింద పాకు అని ఎలా అనాలో లోపల్లోపలే అనుకుని చూశాడు. నవ్వొచ్చింది.

షట్టరు సగానికి లాగాడు. రోజూ ఆ మోతకి అక్క తిడుతుంది. ఈసారి తిట్టలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. ఆమె పాదానికున్న చెప్పు ఒకటి జారి నేల మీద బోర్లా పడి ఉంది. దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చెవి ఒగ్గాడు.

దర్జీ తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తమ్ముడు ఆమెని ముట్టుకోలేదు. కారు దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూలబడి, అట్ట బయటికి లాగాడు. వెలుతురుకి పట్టాడు. మూలమూలకీ వేలు పెట్టి తడిమాడు, ఎక్కడైనా ఒకటి, ఒక్కటంటే ఒక్క చుక్క ఉంటే ఆమెని లేపొచ్చని.

అట్టకి ఒకవైపు కుర్చీ బొమ్మ ఉంది. రెండోవైపు ఏమీ లేదు.