ఎర్రదారం చెప్పులు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా వీధి మలుపులో చెప్పులు బాగుచేసే ముసలాయన. ఆయన అబద్ధమాడడు, నేను కలిపి చెప్పను.

ఆ ఇంట్లో తల్లి, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, మొగుడు పోయి పుట్టింటికొచ్చిన కూతురు ఉండేవాళ్లు. కూతురు బట్టలు కుట్టేది. అందరికీ నడవ ఒక్కటే, దాని పెత్తనం కోడలిది. అందరికంటే ముందు లేచి ఊడ్చి, తుడిచి, గొడుగులు కొక్కేలకు తగిలించి, చెప్పులు వయసు వరసన గోడకేసి పేర్చేది. ఎవరి చోటు వాళ్లది. ఒక జత బెత్తెడు జరిగినా ఆ పూటంతా సాధింపే.

ఆ నడవలో చెప్పులు తిరిగేవి. ఎవరికి ఆ ఇంట్లో నూకలు చెల్లితే వాళ్ల చెప్పులు ముక్కు వాకిలివైపు తిప్పుకునేవి. మళ్లీ గోడకి తిప్పినా నిలిచేవి కావు. తండ్రివి తిరిగిన వారానికి ఆయన పోయాడు. అప్పట్నించి, చావైతే బయటే జరగనీ అని, తిరిగిన పూటే మనిషిని సాగనంపడం మొదలెట్టారు. చిన్నకొడుకు అలాగే వెళ్లి ఎక్కడో ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్లినవాళ్ల సంగతి తల్లి సుద్దముక్కతో తలుపు వెనక రాసేది.

ఆ ఏడు వదినా ఆడపడుచూ ఒకే కొట్లో ఒకే రకం నల్లచెప్పులు కొన్నారు. కలిసిపోకుండా కూతురు తన పట్టీల లోపల ఎర్రదారంతో నాలుగు కుట్లు వేసుకుంది. మందపు సూది ఇచ్చింది మా ముసలాయనే.

ఒక పొద్దున కోడలు చీపురు పట్టుకొచ్చేసరికి తన చెప్పులే వాకిలివైపు చూస్తున్నాయి. మామగారు గుర్తొచ్చారు. తన జత తీసి నాలుగో చోట, ఆడపడుచు చోట పెట్టింది. ఆమె జత తన మూడో చోటికి తెచ్చుకుంది. అప్పుడు పిలిచింది, "అత్తయ్యా, ఒకసారి ఇలా రండి."

తల్లి వచ్చి వరస లెక్కపెట్టింది. "నీవేనే," అంది కూతురితో.

"నిన్ననేగా అమ్మా మిషను బాగుచేయించుకున్నాను? పన్నెండు యూనిఫారాలు కత్తిరించి పెట్టుకున్నాను. ఎక్కడికి పొమ్మంటావు?"

"నాకేం తెలుసు? చెప్పులకి తెలుసు."

"వదినా, నువ్వైనా చెప్పు."

"నేను ఊడ్చేదాన్ని, తిప్పేదాన్నా?"

అన్న దగ్గి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె ఆ చెప్పులే తొడుక్కుని, మిషను రిక్షా ఎక్కించి, మలుపు దాకా వచ్చింది. కాళ్లకి వదులుగా ఉన్నాయని పట్టీ బిగించమంది. ముసలాయన తిరగేసి చూసి, "నీ ఎర్రదారమేదమ్మా? ఇవి నీవి కావు. వీధైనా దాటలేదు, వెనక్కెళ్లి అడుగు," అన్నాడు.

ఆమె పట్టీ లోపల వేలు పెట్టి తడిమి చూసింది. "అంతమంది నిలబడి చూశారు బాబాయ్. ఒక్కరు వంగి నా చెప్పు తిరగేసి చూడలేదు. ఎవర్నడగను? బిగించు."

ఇప్పుడు యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఉందట. పది మంచాల గది. అక్కడ చెప్పులు గుమ్మంలో కుప్పగా పడుంటాయట.

నెల తిరక్కుండా అన్నకి బదిలీ అయింది. పెరడున్న విడి ఇల్లు కూడా ఇచ్చారు. పన్నెండేళ్లుగా కోడలు అడుగుతున్నది అదే, ఆ పొద్దున ఆమె చెప్పులు తిరిగిందీ అందుకే. కూరగాయలకి వెళ్లినంతకాలం ఎర్రదారం చెప్పులు ఆమెను మోశాయి. సామాను బండెక్కిన రోజున మాత్రం గోడవైపు నుంచి కదల్లేదు. విడిచిపెట్టి ఒట్టికాళ్లతో ప్రయత్నించింది. కాలు గడప దాకా లేచి వెనక్కి పడింది. మొగుడు చెయ్యి పట్టుకుని లాగి లాగి, "పిల్లల బడి పోతోంది," అని వాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడక్కడ అత్తా కోడలే. రెండు జతల చెప్పులు. నడవ అద్దంలా ఉంటుంది.

తలుపు వెనక మాత్రం "కూతురు తనంతట తానే వెళ్లింది" అనే ఉంది. నేను చెరపబోతే ఆ తల్లి, "ముందు అక్షరాలు నేర్చుకో," అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. నా రాత వంకరే. తిన్నగా రాయగలిగినవాళ్లెవరైనా వెళ్లి అది తుడిచి, "చోటు చూసి పంపించేశాం, చెప్పు చూడలేదు" అని రాయండి. సుద్దముక్క నేనిస్తాను.