జోజిగారి జ్ఞాపకార్థం

జోజిగారు బతికుండగానే ఆయన పేరుకు ముందు 'ప్రభువునందు నిద్రించిన' అని చెక్కించేశాం. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదని మా సంఘంలో ఎవర్నడిగినా చెబుతారు. అడక్కపోయినా చెబుతారు. దురుద్దేశం సంగతి తర్వాత చూద్దాం, ముందు రాయి సంగతి చెబుతాను.

మాది సెక్టర్ 6లో తెలుగు చర్చి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్టీల్ ప్లాంట్ కోసం భిలాయి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఎక్కడెక్కడి తెల్లవాళ్ళో మన దేశానికొచ్చి, నాలుగు ఇటుకలు పేర్చి, నలభై ఫొటోలు దిగి వెళ్ళడం ఇన్నేళ్ళు చూసి చూసి, మనమూ ఒక దేశం వెళ్ళి ఒక గోడ కట్టాలన్న కోరిక మావాళ్ళకి పుట్టింది. కెన్యాలో ఒక పల్లె దొరికింది. అక్కడ మా చేతులతో ప్రార్థన మందిరం కట్టాలి. మా చేతుల సంగతి మాకు తెలుసు. ఒకరు బ్యాంకు, ఒకరు ట్యూషన్లు, ఒకరు బీమా ఏజెంటు. తాపీ పట్టినవాడు ఒక్కడూ లేడు.

అందుకే జోజిగారు. ప్లాంట్ సివిల్ విభాగంలో చార్జ్‌మన్‌గా రిటైరై భిలాయిలోనే రుఆబాంధాలో ఉంటున్నాడు. టీమ్‌కి తర్ఫీదు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. చర్చి వెనక జాగాలో ప్రతి శనివారం మావాళ్ళు గోడ కట్టేవాళ్ళు, సాయంత్రానికి ఆయనొచ్చి కాలితో తన్ని పడగొట్టేవాడు. "ఇది గోడేట్రా? మేక ఆనుకుంటే ఒరిగిపోద్ది" అనేవాడు. ట్యూషన్ల అమ్మాయి ఒకసారి ఏడ్చింది. "కన్నీళ్ళు సిమెంటులో పడకుండా సూసుకో, పదును మారిపోద్ది" అన్నాడు. ఆయన నోరే అంత. కానీ వర్షాలు మొదలయ్యేనాటికి మావాళ్ళు కట్టిన గోడ ఆయన తన్నినా పడలేదు. ఆ రోజు ఆయన కాలు నిమురుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు. టీమ్‌కి మేస్త్రీగా ఆయనే వెళ్ళాలని తీర్మానం అయింది, పాస్‌పోర్టు వచ్చింది, కోటు కూడా కుట్టించుకున్నాడు.

ఇక్కడ ఇంకో పాత సంగతి చెప్పాలి. మా చర్చికి గంటగోపురం కట్టించింది ఇమ్మానుగారు. కట్టించాక, తన పేరు ఒక చిన్న రాయి మీద ఉంటే బాగుంటుందని ఆశపడ్డాడు. తప్పేముంది, మనిషన్నాక. అప్పుడు సంఘ పెద్దగా ఉన్న జోజిగారు అందరి ముందూ లేచి, "బతికున్నోడి పేరు రాయి మీదేటి? ఇది దేవుడి ఇల్లా, ఆడి ఇల్లా?" అన్నాడు. అప్పటినుంచీ మా సంఘంలో రూలు. బతికున్నవాళ్ళ పేరు ఏ రాయి మీదా వేయకూడదు, జ్ఞాపకార్థమే వేయాలి. కొన్నేళ్ళకి ఇమ్మానుగారు పోయారు. కాలేజీలో చదువుతున్న కొడుకు డేవిడ్‌రాజ్ వచ్చి, ఇప్పుడు వేయచ్చు కదా అనడిగితే, "ప్రతిష్ఠ ఎప్పుడో అయిపోనాది, ఇప్పుడు రాయేటి?" అని పంపించేశాడు జోజిగారు. ఆ గోపురం మీద ఇప్పటికీ పావురాల రెట్టలు తప్ప ఏమీ లేవు. ఆ డేవిడ్‌రాజ్ ఇప్పుడు ప్లాంట్‌లో ఆఫీసరు, మా చర్చి సెక్రటరీ, కెన్యా టీమ్‌కి నాయకుడు. ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడతాడు.

వర్షాలు వెనకపట్టేసరికి జోజిగారికి కడుపులో జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేసి, ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ చెప్పేశాడు. మా చర్చి పాస్టరు అయ్యగారు ఆస్పత్రికెళ్ళి ఆఖరి ప్రార్థన కూడా చేసొచ్చారు.

సరిగ్గా అప్పుడే రాయి పని పడింది. కెన్యాలో రాళ్ళకు కొదవ లేదు, తెలుగు అక్షరాలకే కొదవ. మందిరం మీద తెలుగులో పేర్లు ఉండాలని మావాళ్ళ పట్టుదల. కాబట్టి రాయి ఇక్కడ సుపేలా బజారులో చెక్కించి విమానంలో మోసుకెళ్ళాలి. నేర్పింది జోజిగారు కనక ఆయన పేరు వేయాలని కమిటీలో అందరూ అన్నారు. వేయాలంటే రూలు ప్రకారం ఆయన చనిపోయి ఉండాలి. ప్రయాణం నాటికి ఎలాగూ పోతారని డాక్టరే చెప్పాడు కదా అన్నాడు డేవిడ్‌రాజ్, చాలా బాధగా. జోజిగారి భార్య వెరోనికమ్మని అడిగితే ఆవిడ తలూపింది. టీమ్‌లో ఆయన స్థానంలో ఆవిడ వెళ్ళాలన్నారు. దానికీ తలూపింది.

జోజిగారు పోలేదు. మొండిఘటం. ఒకరోజు లేచి కూర్చున్నాడు, ఇంకోరోజు చేపల పులుసు అడిగాడు, తర్వాత, విమానమెక్కే ఓపిక లేకపోయినా, కర్ర పట్టుకుని చర్చికొచ్చాడు. దుప్పట్లో చుట్టి గోడకి ఆనించిన రాయిని చూసి దుప్పటి లాగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఒరే డేవిడూ, నానెప్పుడు నిద్దరపోనాన్రా?"

డేవిడ్‌రాజ్ నవ్వాడు. "సారీ అంకుల్, తొందరపడ్డాం. ఇంకా టైముంది, కొత్తది చెక్కించేద్దాం. కాకపోతే బతికున్నవాళ్ళ పేరు వేయకూడదని మీ రూలుంది కదా. ఆదివారం మీరు లేచి, ఆ రూలు తప్పు, ఇమ్మానుగారికి అన్యాయం చేశానని ఒక్కమాట అనండి చాలు. ముందు నాన్నగారి పేరు, తర్వాత మీ పేరు. రెండు రాళ్ళూ ఒకేసారి చేయిస్తాను."

ఒక్కమాట. పోయి తిరిగొచ్చిన మనిషికి ఒక్కమాట ఎంతసేపు? కానీ జోజిగారి మెడ వంగలేదు.

"ఆ రూలెట్టింది నాను. నా నోటితో నానే తప్పంటానేటి? ఉండనీ. ఆ దేశపోళ్ళకి నానెవుడో తెల్దు. బతికినా ఒకటే, సచ్చినా ఒకటే."

"మీ ఇష్టం అంకుల్," అంటూ డేవిడ్‌రాజ్ రాయి మీద దుప్పటి తనే కప్పి, అంచులు చక్కగా దోపాడు.

వెరోనికమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ పెళ్ళయి వచ్చిన కొత్తలో స్త్రీల కూటాల్లో చక్కగా ప్రార్థన చేసేది. "మా ఎరోనికా ప్రార్థన పాసింజర్ బండి, ప్రతి టేసన్లోనూ ఆగుద్ది" అని జోజిగారు అందరి ముందూ అంటే అందరూ నవ్వారు. ఆవిడ మళ్ళీ పైకి ప్రార్థన చేయగా ఎవరూ వినలేదు. కెన్యా బయల్దేరే రోజు కూడా, "నువ్వెళ్ళి ఏటి సేస్తావే? ఇటికలు మోస్తావా?" అన్నాడు. "మోస్తానండి" అంది ఆవిడ, పెట్టె జిప్పు లాగుతూ.

వాళ్ళు దిగిన రోజే వీడియో వచ్చింది. అక్కడ ఎయిర్‌పోర్టులో పెద్ద బ్యానరు, దాని మీద జోజిగారి ఫొటో, ఫొటోకి దండ. ఫొటో ముందే పంపించింది డేవిడ్‌రాజే. వెరోనికమ్మ తెల్లచీర కట్టుకుంది. మా ఆడవాళ్ళు చర్చికి కట్టేది తెల్లచీరే కనక అందులో వింత లేదు. కానీ ఆ ఊరి ఆడవాళ్ళు ఆవిణ్ణి చుట్టేసి భోరున ఏడ్చారు. రోజూ వీడియోలు వచ్చేవి. ఆవిడ ఇటుకలు మోయబోతే ఎవరో లాక్కుని కుర్చీ వేసేవారు. పక్కన ఒకామె విసనకర్రతో విసిరేది.

జోజిగారు మంచం మీద కూర్చుని కూతురు ఏంజెలా ఫోన్లో అవి చూశాడు. మొదటిరోజు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. గోడలు లేస్తున్నాయి, తను నేర్పినట్టే నిట్టనిలువుగా లేస్తున్నాయి, ఎవరు నేర్పారంటే చచ్చిపోయినవాడు నేర్పాడంటున్నారు. ఆయనకి ఆపరేషన్ గాయం కన్నా అది ఎక్కువ బాధపెట్టింది.

"మీ అమ్మకి ఫోన్ కొట్టు. నాను బతికున్నానని ఆళ్ళకి సెప్పమను."

ఏంజెలా భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కన్నా హిందీ ముందొస్తుంది. "పాపా, వహా సబ్ రో రహే హై. అందరూ ఏడుస్తుంటే ఇప్పుడు మమ్మీ ఎలా చెప్తుంది?" అంటూనే ఫోన్ కలిపింది.

అటునుంచి వెరోనికమ్మ గొంతు నెమ్మదిగా వచ్చింది. "ఇక్కడోళ్ళు మీకోసం శానా ఏడుస్తున్నారండి. మీరే అన్నారు గదా, బతికినా సచ్చినా ఒకటేనని." తర్వాత ఎవరో పిలిచారని పెట్టేసింది.

ప్రతిష్ఠ ఆదివారం. అక్కడి కార్యక్రమం మా చర్చిలో గోడంత తెర మీద లైవ్‌లో చూడాలని, చివర్లో మా సంఘాన్ని వాళ్ళకి చూపించాలని ఏర్పాటు. జోజిగారు ఆ రోజు గడ్డం గీసుకుని, కెన్యా కోసం కుట్టించిన కోటు తొడుక్కుని వచ్చాడు. కోటు భుజాల దగ్గర వేలాడుతోంది. ముందు వరసలో కూర్చుని, "కేమెరా ఇటొచ్చినప్పుడు నాను లెగుస్తాను. ఎవుడూ ఆపొద్దు" అన్నాడు. ఎవరం ఆపుతాం? ఆయన్ని ఎప్పుడైనా ఎవరైనా ఆపారా?

తెర మీద మందిరం కనిపించింది. బాగా కట్టారు, అబద్ధమెందుకు. రాయి మీద ముసుగు తీస్తే మా తెలుగు అక్షరాలు మిలమిలలాడాయి. ప్రభువునందు నిద్రించిన జోజిగారి జ్ఞాపకార్థం. చప్పట్లు మోగాయి. తర్వాత ఆయన గురించి సాక్ష్యం చెప్పమని వెరోనికమ్మని పిలిచారు. ఆవిడ తెలుగులో చెబుతుంటే డేవిడ్‌రాజ్ పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాడు.

ఆవిడ ఎక్కడా తడబడలేదు, ఏ స్టేషన్లోనూ ఆగలేదు. "నా భర్త ఎవర్నీ ఒక్క మాట అనేవారు కాదు. వీళ్ళకి పని నేర్పినప్పుడు తప్పు చేస్తే పక్కన కూర్చుని మళ్ళీ చూపించేవారు. నేను ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకుని ఆఖరిదాకా వినేవారు. ఇంకా చెయ్యి వెరోనికా, అనేవారు." అక్కడ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. అది నటన కాదు. లేని మొగుడి కోసం ఆవిడ నిజంగానే ఏడ్చింది. జోజిగారు తెర వైపే చూస్తున్నాడు, కర్ర మీద చేతులు బిగుసుకున్నాయి.

అక్కడి పాస్టరు, ఆ మహానుభావుణ్ణి కన్న సంఘాన్ని మేం చూడాలి అన్నాడు. ఏంజెలా ఫోన్ మా వైపు తిప్పింది. జోజిగారు బెంచీ పట్టుకుని లేచాడు. చెయ్యెత్తాడు.

అక్కడ ఒక్కసారిగా గగ్గోలు పుట్టింది. బ్యానరు మీది మొహం కదా! కొందరు ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరు డేవిడ్‌రాజ్ వైపు తిరిగాడు. డేవిడ్‌రాజ్ మైకు తీసి, ఎంతో మర్యాదగా, వెరోనికమ్మ చేతిలో పెట్టాడు.

ఆవిడ తెరలోంచి మొగుణ్ణి చూసింది. కోటునీ కర్రనీ ఎత్తిన చేతినీ తీరిగ్గా చూసింది.

"ఆయన మా బావగారు," అంది. "మావారి అన్నగారు. ఒకే పోలిక."

డేవిడ్‌రాజ్ దాన్ని ఇంగ్లీషులోకి పొల్లుపోకుండా మార్చాడు. అక్కడ అందరూ ఊపిరి పీల్చుకుని, అయ్యో అన్నట్టు తలలాడించారు. పాస్టరు గుండెల మీద చెయ్యేసుకుని ఏదో అన్నాడు. మా అయ్యగారు చెమటలు తుడుచుకుంటూ తెలుగులో చెప్పారు. "మీ తమ్ముడు గొప్ప మనిషి. మీ దుఃఖంలో మేమూ ఉన్నాం. తమ్ముడి గురించి ఒక్కమాట చెప్పండి, అంటున్నారు." ఇంకేం చేయాలో తోచక తన మైకు జోజిగారికిచ్చారు.

మళ్ళీ ఒక్కమాటే. నానే జోజిని. అంతే. ఆ రాయి పగిలిపోతుంది, డేవిడ్‌రాజ్ నవ్వు ఆగిపోతుంది. ఆయన నోరు తెరిచాడు కూడా. తెర నిండా వెరోనికమ్మ మొహం. బతిమాలడం లేదు, భయపడటం లేదు. ఊరికే ఎదురుచూస్తోంది. ఆవిడ వెనక ఊరు ఊరంతా ఆ చచ్చిపోయినవాడి కోసం కళ్ళు తుడుచుకుంటోంది. ఆస్పత్రిలో ఈయన నిజంగా చావబోతున్నప్పుడు మాలో ఒక్కరం కూడా అలా ఏడవలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఆడు..." అన్నాడు జోజిగారు. "ఆడు మంచోడండి. నాకన్నా మంచోడు."

మా ట్యూషన్ల అమ్మాయి అమ్మ వెనక బెంచీలో కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యగారు ఆ మాట ఇంగ్లీషులో చెప్పారు, అక్కడ "ఆమెన్" అన్నారు. పోయిన సహోదరుడి కోసం రెండు దేశాలూ కలిసి ఒక నిమిషం మౌనం పాటిద్దామని డేవిడ్‌రాజ్ అక్కణ్ణుంచి ప్రకటించాడు.

అందరం లేచాం. జోజిగారు నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. తలలు వంచాం, ఆయనా వంచాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో ఆయనకి దగ్గు వచ్చింది. ఆపుకోబోయి, ఆగక, కోటు చేతిలో మూతి దాచుకుని మళ్ళీ దగ్గాడు.

"ష్, పాపా," అంది ఏంజెలా, ఫోన్ కదలకుండా పట్టుకుని.