వరదానం వదిలేసిన గిన్నె

చర్చిలో ప్రభువు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం నాడు, అందరూ ఒక్కో గుక్క తాగే ద్రాక్షరసం గిన్నె తన దాకా వచ్చేసరికి వరదానం రెండు చేతులతో నోరు మూసుకుని, తల అడ్డంగా ఊపి, పక్కనున్న ముసలాయన వైపు చూపించాడు. పాస్టరు ఇమ్మానుయేలుగారు ఒక్క క్షణం ఆగి, గిన్నె అంచు గుడ్డతో తుడిచి, ముందుకు కదిలారు. జరిగింది అంతే. కానీ పెదపాడు దగ్గర ఆ చిన్న ఊళ్లో చేపల చెరువుకి గండి పడినా అంత గగ్గోలు పుట్టదు.

ఆ సంఘంలో తాతలనాటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరిమీదైనా మనసులో కోపం ఉన్నవాళ్లు గిన్నె ముట్టరు. ముట్టలేదంటే ఎవరో నొప్పించారన్నమాట. ఆ నొప్పించినవాళ్లు తమంతట తామే వచ్చి తప్పు ఒప్పుకోవాలి. ఎవరు నొప్పించారన్నది మాత్రం గిన్నె వదిలినవాళ్లు చెప్పరు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే పని ఊరిది.

పాపం, వరదానానికి ఎవరిమీదా కోపం లేదు. తన పెదవి తగిలిన గిన్నెలో తాగితే తన తరవాత వరసలో ఉన్న ముసలాళ్లందరికీ ఎయిడ్స్ అంటుకుంటుందని అతని భయం.

అతను పనిచేసేది చేపపిల్లల హేచరీలో. పిల్లల్ని నీళ్లూ ఆక్సిజనూ నింపిన పాలిథిన్ సంచుల్లో కట్టి కొల్లేటి చెరువులకి పంపుతారు. కట్టేముందు ప్రతి సంచిలోనూ నీళ్లు పోసి, ఎత్తిపట్టుకుని, ఎక్కడైనా చెమ్మ దిగుతోందేమో చూడాలి. ఆ పనిలో వరదానాన్ని మించినవాడు లేడు. ఆర్నెల్ల కిందట తాడేపల్లిగూడెం వైపు సరుకు దింపడానికి వెళ్లినప్పుడు, అక్కడ పరిచయమైన ఒకావిడతో ఇద్దరి ఇష్టం మీదా ఒక రాత్రి గడిపాడు. నిరోధ్ వాడకపోతే కుదరదని ఆవిడే గట్టిగా చెప్పింది. వాడాడు. తరవాత అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? దాన్ని కుళాయి కింద పట్టి, నీళ్లు నింపి, ట్యూబులైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. చుక్క కారలేదు. ఆవిడ మంచమ్మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. వరదానం నిశ్చింతగా నిద్రపోయాడు.

ఆ నిశ్చింత విక్టోరియాతో పెళ్లి కుదిరేదాకా ఉంది. విక్టోరియా ఆ ఊరి బళ్లోనే టీచరు. నవ్వితే ఎడమబుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట చూసిన నాటినుంచీ వరదానానికి కాళ్లు నేలమీద ఆనలేదు. సరిగ్గా ఆ సంతోషంలోంచే భయం మొలిచింది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడికి భయమేముంటుంది? ఆ రోజుల్లో ఏ గోడ చూసినా ఎయిడ్స్ రాతలే. బస్సు దిగితే గోడ, టీకొట్టు పక్కన గోడ, చివరికి రైసుమిల్లు ప్రహరీ. ప్రతి గోడా తన పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉండేది. చెరువు నీళ్లకి ఒళ్లు దురద పెడితే జబ్బన్నాడు. ఎండకి చెమటకాయలు లేస్తే జబ్బన్నాడు. భయంతో అన్నం మానేసి, బరువు తగ్గానని బెంగపడ్డాడు.

కంచం, గ్లాసు, తువ్వాలు వేరు పెట్టుకున్నాడు. ఏనాడూ లేనిది దోమతెర కొన్నాడు. కొల్లేటి దోమలు తనని కుడతాయని కాదు. తనని కుట్టిన దోమ వెళ్లి అమ్మ మార్తమ్మని కుడితే ఎలాగని. తెరలోకి దూరిన ఒక్క దోమని కూడా బయటికి పోనివ్వకుండా చప్పట్లు కొట్టి చంపేవాడు. ఆ చప్పట్లు విని, కొడుక్కి భక్తి ముదిరి ఒంటరిగా కీర్తనలు పాడుకుంటున్నాడని మార్తమ్మ మురిసిపోయింది.

గిన్నె వదిలేసిన సాయంత్రం నుంచీ ఆ ఇంటికి జనం రావడం మొదలైంది. ముందు ఎదురింటావిడ వచ్చింది. పోయిన క్రిస్మస్‌కి మాయమైన మార్తమ్మ కోడిపెట్టని ముంగిస ఎత్తుకుపోలేదనీ, తామే కూర వండుకున్నామనీ ముక్కు చీదింది. బాబాయి వరసయిన సీమోను వచ్చి, దడి కట్టేటప్పుడు జానెడు ఇవతలికి జరిపానని ఒప్పుకుని, అప్పటికప్పుడు గునపం తెచ్చి కర్రలు పీకడం మొదలెట్టాడు. చివరికి పాస్టరుగారే వచ్చి, వరదానం గొంతు కప్ప గొంతులా ఉంటుందని పాటల బృందంలో చేర్చుకోకపోవడం తన తప్పేనన్నారు. ఊరి దొంగతనాలన్నీ గడప దాటకుండానే తేలిపోతుంటే మార్తమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నెలకోసారి ఇలా గిన్నె వదిలెయ్యకూడదట్రా అని కొడుకునడిగింది.

ఆఖరికి గొడుగు ముడుచుకుంటూ విక్టోరియా వచ్చింది. మార్తమ్మ టీ పెట్టడానికి లోపలికెళ్లగానే, తలొంచుకుని చెప్పింది.

"పెళ్లిచూపులకి మీరు వేసుకొచ్చిన చొక్కా చూసి లోపలికెళ్లి నవ్వానండి. ఐసు బండి అబ్బాయిలా ఉన్నారని అక్కతో అన్నాను. అందుకేనాండి మీ కోపం?"

వరదానానికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లొచ్చాయి. కాబోయే పెళ్లామైనా టీచరుగారు కదా, ఆమెని అతను మీరనే అనేవాడు.

"కోపం కాదండీ. నాకు ఎయిడ్స్ ఉందేమోనండి" అన్నాడు.

తరవాత అంతా చెప్పేశాడు. గూడెం, ఆవిడ, నిరోధ్, కుళాయి, ట్యూబులైటు, దోమతెర. దోమతెర దగ్గర విక్టోరియా పెదవి వణికింది. నవ్వో ఏడుపో అతనికి అర్థం కాలేదు. ఆమె లేచి గొడుగు అందుకుంది. పరీక్ష చేయించుకున్నారా అని మాత్రం అడిగింది. భయమేసి చేయించుకోలేదన్నాడు. రేపు బడికి సెలవు పెడతానని, ఏలూరు వెళ్దామని చెప్పి, టీ తాగకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. అతను ఎవరికీ తగలకుండా వెనక మెట్టుమీద వేలాడాడు. ఏలూరు పెద్దాసుపత్రిలో హెచ్ఐవీ పరీక్షలు చేసే గదిలో సలహాలు చెప్పే దుర్గాదేవిగారు ఇద్దరినీ కూర్చోబెట్టారు. మొదట్నుంచీ చివరిదాకా వాడారా, చిరిగిందా, జారిందా అని అడిగారు. వరదానం సంచుల పరీక్ష సంగతి వివరంగా విన్నవించుకున్నాడు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ కాగితాలు సర్దుకున్నారు. అలా నీళ్లు పోసి చూసుకోనవసరం లేదనీ, సరిగ్గా వాడితే, చిరక్కపోతే రావడానికి అవకాశం బహు తక్కువనీ చెప్పారు. మూడు నెలలు దాటింది గనక ఇవాళ పరీక్షలో ఏం తేలితే దాన్ని నమ్ముకోవచ్చన్నారు.

"మరి దోమలండీ?"

"దోమలవల్ల రాదండి."

"కంచం? తువ్వాలు?"

"రాదండి. రక్తం వల్ల, రక్షణ లేని కలయిక వల్ల, తల్లినుంచి బిడ్డకి. వచ్చే దార్లు ఇవేనండి."

వరదానం గొంతు తగ్గించి, చర్చిలో అందరూ తాగే గిన్నె సంగతి అడిగాడు. అప్పుడు దుర్గాదేవిగారు నవ్వు మానేశారు.

"జబ్బున్నవాళ్లు తాగిన గిన్నెలో తాగినా రాదండి. వాళ్ల గిన్నె వేరు పెడతారు చూడండి, జబ్బుకన్నా అదే ఎక్కువ బాధపెడుతుంది వాళ్లని. మీకు మీరే వేరు పెట్టుకున్నారు కాబట్టి, అదెలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది."

మధ్యాహ్నానికి ఫలితం తెలిసింది. లేదు. ఏమీ లేదు.

ఇక వరదానాన్ని పట్టుకోవడం ఎవరి తరం? వేడి జిలేబీ పొట్లం కట్టించి, ముందు అమ్మినవాడికే ఒకటి పెట్టాడు. బస్సులో కండక్టరుకి పెట్టాడు. మోచేతిమీద దోమ వాలితే, తాగమ్మా తాగు అని చెయ్యి చాపి కూర్చున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా విక్టోరియా వెనక్కి తిరిగి, "నాకు భయం పోయిందండి. కోపం పోలేదు" అంది. సంతోషంలో ఉన్నవాడికి చెవులుంటాయా? ఆడపిల్ల సిగ్గనుకుని ఆమెకీ ఒక జిలేబీ ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. ఆ రోజు నుంచీ అతను అమ్మ కంచంలో చెయ్యి పెట్టి తిన్నాడు, దోమతెర చించి జామచెట్టుకి పిట్టలు వాలకుండా కప్పాడు, కప్ప గొంతుతో పాటల బృందంలో చేరాడు. విక్టోరియా మాట మాత్రం తలచుకోలేదు.

మళ్లీ సంస్కారపు ఆదివారం వచ్చింది. ఆ చర్చిలో గిన్నె ముందు ఆడవాళ్ల వైపు వెళ్తుంది. వరదానం ఇవతలి చాపమీద గొంతెండిపోయినవాడిలా ఎదురు చూస్తున్నాడు. గిన్నె విక్టోరియా దగ్గరికొచ్చింది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

చర్చంతా ఊపిరి బిగబట్టింది. ఎదురింటావిడ అప్పుడే తన తప్పులు వెతుక్కోవడం మొదలెట్టింది. కానీ ఈసారి ఎవరికీ ఆ శ్రమ లేదు. వరదానానికి బస్సులో విన్న మాట ఇప్పుడు వినబడింది. అతన్ని పట్టుకున్నది పెళ్లి పోతుందనే భయం కాదు. ఇన్నాళ్లూ తన నెత్తురు గురించి బెంగపెట్టుకున్నాడే గాని, ఆమె మనసు ఎలా ఉందో ఒక్కసారైనా అడిగాడా?

లేచాడు. మగవాళ్ల చాపలు దాటి, నడవ దాటి, ఏ మగాడూ అడుగుపెట్టని ఆడవాళ్ల వరసలోకి వెళ్లి, ఆమె ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. పాస్టరుగారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"తప్పయిపోయిందండి" అన్నాడు.

"దేనికండి?" అంది విక్టోరియా, అతనికి మాత్రమే వినబడేలా. "గూడేనికా?"

వరదానం ఆలోచించాడు. మొదటిసారి, తొందర పడకుండా ఆలోచించాడు.

"కాదండి. నన్ను కుట్టే దోమ ఎవర్ని కుడుతుందోనని అంత ఆలోచించాను. నన్ను చేసుకునే మనిషికి ముందు చెప్పాలని ఆలోచించలేదు. అందుకండి."

విక్టోరియా పాస్టరుగారి వైపు చెయ్యి చాపింది. గిన్నె అందుకుని ఒక గుక్క తాగింది. పాస్టరుగారు అంచు తుడవడానికి గుడ్డ తియ్యబోతే, వద్దని గిన్నె పక్కకి జరిపి, తన పెదవి తగిలిన వైపే తిప్పి వరదానానికి అందించింది.

అతను తాగాడు. ఆ సొట్ట ఆమె బుగ్గమీదికి వచ్చేదాకా తాగుతూనే ఉన్నాడు. ఆ ఆదివారం ముసలాళ్ల వరసకి ద్రాక్షరసం చాల్లేదు.